పేర్చిన చేతులెక్కడ?

హైదరాబాదు చుట్టుపక్కల ఇప్పుడు ఒక పని వరసగా జరుగుతోంది. ముందు గుట్టను పేలుస్తారు. ఆ రాయిని క్రషర్‌లో వేసి కంకర చేస్తారు. ఆ కంకరతో రోడ్డు వేస్తారు. నాలుగు రోడ్లు కలిసేచోట గుండ్రంగా గద్దె కట్టి, దాని మీద సిమెంటుతోనో ఫైబర్‌తోనో ఒక ఉత్తుత్తి గుట్టను చేస్తారు. ఆ గుట్ట పక్కన బోనమెత్తిన ఆడమనిషి బొమ్మనో, బతుకమ్మ పట్టుకున్న ఆడమనిషి బొమ్మనో నిలబెడతారు. చుట్టూ రంగు దీపాలు. కింద పాలరాతి పలక. దాని మీద ప్రారంభించినవారి పేర్లు, హోదాలు. ఇదంతా మన నేలకీ మన జానపదానికీ దక్కిన గౌరవమని మనకి చెప్తారు.

నేను దాన్ని గౌరవమని ఒప్పుకోను. ఈ నేల మీద ఆరుబయట శిల్పం చేసే పని తరతరాలుగా ఆడవాళ్ల చేతుల్లో ఉంది. ఆ పనికి కళ అన్న పేరు ఎప్పుడూ దక్కలేదు. ఇప్పుడు ఆ పని జరిగే జాగాను, దానికి కావలసిన రాయిని, నీటిని, పువ్వును లాక్కుని, బదులుగా ఆడమనిషి బొమ్మను మన చేతిలో పెడుతున్నారు. శిల్పం చేసే మనిషిని శిల్పంగా మార్చి కదలకుండా నిలబెట్టడమే ఈ గౌరవంలోని అసలు సంగతి. నా అభ్యంతరమంతా అక్కడే.

మహేశ్వరం వైపు రండి. ఔటర్ రింగురోడ్డు దిగి, తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడ్డ బండరాళ్లు ఇంకా కొన్ని కనిపిస్తాయి. ఇది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఎండకు, వానకు, గాలికి అంచులరిగి, పగుళ్లు విడి, గుండ్లుగా నిలబడింది. దీన్ని ఏ శిల్పీ చెక్కలేదు. ఇప్పుడు ఈ గుండ్ల మధ్య ప్లాట్ల రాళ్లు పాతారు. గుండు ఉంటే ప్లాటు అమ్ముడుపోదు కాబట్టి గుండు పోతుంది. ఈ రాళ్లను కాపాడాలని 1996లోనే హైదరాబాదులో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. కొన్ని రాళ్లకు వారసత్వ సంపదగా చట్టపరమైన గుర్తింపు వచ్చేదాకా వాళ్లు పోరాడారు. కానీ నగరం బయటికి పాకిన వేగంతో పోలిస్తే కాపాడగలిగింది పిడికెడే.

రాయి పోతే పోయింది, చూడటానికి ఒక అందం తగ్గింది, అంతేగా అనేవాళ్లకు మహేశ్వరమే ఇంకో జవాబు చెప్తుంది. ఇక్కడి 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. గ్రానైటు నేలలో భూగర్భజలం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఈ చిన్న ప్రాంతం ప్రపంచానికి ఒక పాఠ్యపుస్తకం అయింది. పైన చివికి మెత్తబడ్డ రాతి పొర, దాని కింద పగుళ్లున్న రాతి పొర, ఆ కింద గట్టి బండ. నీరుండేది ఆ పై రెండు పొరల్లోనే. ఆ కాస్త నేలలో 700కు పైగా బోర్లు నీటిని తోడుతున్నట్టు వాళ్లు లెక్కగట్టారు. బావులు ఎండాయి, పై పొర ఖాళీ అయింది. అంటే ఈ ప్రాంతంలో రాయి, నీరు వేరువేరు కాదు. రాతి పగుళ్లలోనే నీరుంది. ఆ నీటి తడి ఉన్నన్నాళ్లే చెరువు కట్ట మీద ఆడవాళ్లకు పని ఉంది.

ఏమిటా పని? బతుకమ్మ పేర్చడం. పండగ అనే మాటతో దాన్ని దాటేస్తాం. కాసేపు ఆ మాటను పక్కన పెట్టి, శిల్పకళ చదువుకున్న మనిషి చూసినట్టు చూద్దాం. కింద తాంబాళం. దాని మీద గుమ్మడి ఆకులు పరుస్తారు. తంగేడు పువ్వు ఒక వరస, గునుగు ఒక వరస. గునుగు కాడలన్నీ ఒకే పొడుగు ఉండేలా కత్తిరించాలి, కొసలకు రంగులద్దాలి, కాడ లోపలికి, పువ్వు బయటికి ఉండాలి. వరస పెరిగేకొద్దీ చుట్టు తగ్గాలి. మధ్యలో డొల్ల ఉండకూడదు. మిగిలిన కాడలు, ఆకులు, పువ్వుల రెమ్మలు కూరి గట్టి చేయాలి. లేకపోతే మూడో వరసకే ఒరిగిపోతుంది. మీద గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. తల మీద పెట్టుకుని నడిస్తే కదలకూడదు. దించితే చెదరకూడదు. బరువు, తూకం, చుట్టుకొలత, రంగు పక్కన రంగు, అన్నీ లెక్కే. ఈ లెక్కను ఏ కాలేజీలోనూ చెప్పరు. తల్లి పక్కన కూర్చున్న పిల్ల చూసి నేర్చుకుంటుంది.

అది ఎంగిలి పూలనాడు మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. చేసిన చేతులే ఎత్తుకెళ్తాయి. చేసిన గొంతులే చుట్టూ తిరిగి పాడతాయి. చేసినవాళ్లే నీళ్లలోకి సాగనంపుతారు. శిల్పం, దాని ప్రదర్శన, దాని విమర్శ, దాని ముగింపు, అన్నీ ఆ గుంపు చేతిలోనే ఉంటాయి. మరుసటేడు మళ్లీ కొత్తది.

క్యూబాలో పుట్టిన అనా మెండియెటా 1970లలో అయోవాలో, మెక్సికోలో మట్టి మీద, గడ్డి మీద, పూలతో, నిప్పుతో తన శరీరపు ఆకారాన్ని వేసి, అది చెరిగిపోయే దాకా వదిలేసింది. ‘సిలుయెటా’ పేరుతో ఆ పనులు కళాచరిత్రలో నిలిచాయి. బ్రిటన్‌లో ఆండీ గోల్డ్స్‌వర్దీ ఆకులతో, పూరేకులతో, మంచుతో చేసి గాలికి, నీటికి వదిలేసే వాటిని భూకళ అని మ్యూజియంలు పిలుస్తాయి. నాకు వాళ్ల పని అంటే గౌరవమే. అడిగేది ఇంతే. ఒక మగవాడు ఏటిలో ఆకులు వదిలితే కళ అయినప్పుడు, తెలంగాణలో లక్షలమంది ఆడవాళ్లు ఏటేటా చెరువులో వదిలేది ఎందుకు ‘ఆచారం’ అవుతుంది? పేరు లేకపోవడం చిన్న విషయం కాదు. పేరు లేనిదానికి జాగా అడగలేం, బడ్జెట్టు అడగలేం, కాపాడమని కోర్టుకు పోలేం.

ఈ అన్యాయం ఎంత లోతుగా పోయిందో భాషే చెప్తుంది. కవికి కవయిత్రి ఉంది. రచయితకు రచయిత్రి ఉంది. నటుడికి నటి ఉంది. శిల్పికి? మనం రోజూ వాడే స్త్రీలింగ పదం ఒకటి చెప్పండి చూద్దాం. ఇంకో సంగతి, సాహిత్యంలో ఉన్న మనకు మరీ దగ్గరిది. తెలుగు విమర్శలో వస్తువు, శిల్పం అని రెండు గదులు కట్టారు. స్త్రీలు రాయడం మొదలుపెట్టగానే, దళితులు రాయడం మొదలుపెట్టగానే, వస్తువు బాగుంది గానీ శిల్పం లేదన్న మాట ఎన్నిసార్లు విన్నాం! రాతి దగ్గరా మాట దగ్గరా అదే తీర్పు. ముడిసరుకు ఆడవాళ్లది, రూపమిచ్చే విద్య మగవాళ్లది అని. కథాశిల్పం గురించి ఆ తీర్పును ఎదుర్కొన్న మనం రోడ్డు మీది శిల్పం గురించి ఎందుకు ఊరుకోవాలి?

ఊరుకున్నాం కాబట్టే తెలంగాణ తల్లి మీద జరిగిన వాదంలో మన గొంతు వినిపించలేదు. ఉద్యమకాలంలో బి.వి.ఆర్. చారి రూపకల్పనతో వచ్చిన విగ్రహంలో తల్లికి కిరీటం ఉంది, నగలున్నాయి, ఒక చేతిలో బతుకమ్మ, మరో చేతిలో మొక్కజొన్న కంకులున్నాయి. 2024 డిసెంబరు 9న సచివాలయంలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆవిష్కరించిన విగ్రహంలో కిరీటం లేదు. ఆకుపచ్చ చీర, ఎడమ చేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న కంకులు, కుడిచేయి అభయముద్ర. బతుకమ్మ లేదు. ఇదే అధికారిక రూపమని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. అక్కణ్నుంచి మొదలైంది రభస. కిరీటం తీసి తల్లిని పేదరాలిని చేశారని ఒకరు, దొరసానిని దించి మన అమ్మను తెచ్చామని ఇంకొకరు. బతుకమ్మను మాయం చేశారని వాళ్లు, పంటను చేర్చామని వీళ్లు.

రెండు పక్షాల వాదనా ఒకే గది లోపల జరిగింది. ఆమె ఏం కట్టాలి, ఏం పెట్టుకోవాలి, చేతిలో ఏం పట్టుకోవాలి అని. ఇది మనకు కొత్త సంభాషణా? పెళ్లిచూపుల్లో విన్నదే కదా! కిరీటం తీసేయడం నాకూ నచ్చింది. బతుకమ్మ తీసేయడం నాకూ నచ్చలేదు. కానీ ఆ రెండు ఇష్టాయిష్టాలూ అసలు ప్రశ్నను తాకవు. చేతిలో బతుకమ్మ ఉన్న విగ్రహం కూడా దాన్ని పట్టుకునే ఉంది తప్ప పేర్చడం లేదు. ఒక పనిని ఆభరణంగా మార్చేశాక, ఆభరణం ఉంచారా తీశారా అన్నది మగవాళ్ల పంచాయితీ. ఇక అధికారిక రూపమనేది జానపదానికే విరుద్ధం. జానపదమంటే ఊరికో తీరుగా ఉండేది. ఒక ఊళ్లో గౌరమ్మ పసుపుది, ఇంకో ఊళ్లో గుమ్మడి పువ్వులోదే గౌరమ్మ. ఏది సరైన రూపమో ఉత్తర్వు ఇచ్చిననాడు అది జానపదం కాదు, యూనిఫారం.

ఈ కొత్త విగ్రహానికి చాకలి ఐలమ్మ, సమ్మక్క సారలమ్మల స్ఫూర్తి అన్నారు. మేడారం పోయినవాళ్లందరికీ తెలుసు, అక్కడ సమ్మక్కకు విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు తెచ్చేది కుంకుమ భరిణె. గద్దె మీద నిలిచేది వెదురు. కోటిమందికి పైగా జనం వచ్చే జాతరలో అమ్మకు ముఖం లేదు. ఎవరికి ఎలా కనిపిస్తే అలా. మన పోచమ్మా అంతే. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి. రాయిని చెక్కరు, ఎంచుకుంటారు. ఈ గుండ్ల నేలలో పుట్టిన శిల్పదృష్టి అది. ఉన్న రాయిలో అమ్మను చూడటం. దానికి రాతిని పేల్చనక్కర్లేదు.

ఎల్లమ్మ సంగతి మరీ చెప్పాలి. తండ్రి మాట మీద కొడుకే తల్లి తల నరికిన కథ అది. మన ఊళ్లలో చాలాచోట్ల ఎల్లమ్మ గుళ్లో తల మాత్రమే ఉంటుంది, మెడ దాకా. అలంపురం మ్యూజియంలో తల లేని లజ్జాగౌరి ఉంది. తల లేని దేహం ఒకచోట, దేహం లేని తల ఇంకోచోట. మన జానపదం ఆడమనిషి మీద జరిగిన హింసను ఇంత నిక్కచ్చిగా గుర్తు పెట్టుకుంది. మరి జానపద స్ఫూర్తి అంటూ కూడళ్లలో నిలబెట్టిన బొమ్మల్లో ఆ కోపం ఎక్కడ? అందరూ నవ్వుతూ ఉంటారు. నెత్తిన బరువు, ముఖాన నవ్వు. ఎవరికి హాయిగా ఉంటుందా నవ్వు?

కేరళ వైపు చూస్తే తేడా తెలుస్తుంది. మలంపుళ డ్యాం తోటలో 1969లో కానాయి కుంజిరామన్ చేసిన యక్షి ఉంది. వెనక కొండల వరస, ముందు ముప్ఫై అడుగుల నగ్న స్త్రీ, కాళ్లు చాపి, తల పైకెత్తి. అక్కడి జానపదంలో మగవాళ్లను భయపెట్టే యక్షి. అశ్లీలమని గోల చేశారు. అయినా ఆమె ఇంకా అక్కడే ఉంది. చేసింది మగవాడే, నా ప్రశ్నలు నాకున్నాయి. కానీ కనీసం ఆ కథలోని భయాన్ని అతను మెత్తబరచలేదు. అదే కేరళలో చడయమంగళం కొండ మీద 2018లో తెరిచిన జటాయువు శిల్పం ఇంకో రకం. 200 అడుగుల పొడవైన పక్షి, కొండ శిఖరమే పీఠం. స్త్రీల గౌరవానికి, భద్రతకు అంకితమని చెప్తారు. సీతను కాపాడబోయి రెక్క తెగిన పక్షి కదా! సీత మాత్రం ఆ శిల్పంలో లేదు. ఆడవాళ్ల భద్రత గురించి కట్టిన కొండంత బొమ్మలో ఆడమనిషికి చోటు లేదు, కాపాడేవాడికే చోటు. మన లేపాక్షిలోనూ ఊరి కథను పట్టుకుని జటాయువునే గుండు మీద నిలబెట్టారు. ‘లే పక్షీ’ అని చెప్పినవాణ్ని, చెప్పించుకున్న పక్షిని గుర్తు పెట్టుకున్నాం. ఎత్తుకుపోబడ్డ మనిషి ఏమందో ఎవరికీ పట్టలేదు.

విగ్రహాల లెక్కలు ఈ నేలకు కొత్త కాదు. టాంక్‌బండ్ మీద 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం 33 విగ్రహాలు పెట్టింది. తెలంగాణవాళ్లెందరు, ఆంధ్రవాళ్లెందరు అని లెక్క తీసి తెలంగాణ ఉద్యమం న్యాయంగా నిలదీసింది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు కొన్ని విగ్రహాలు కూలాయి. ప్రాంతాల లెక్క అందరికీ నోటికొచ్చింది. ఆడవాళ్ల లెక్క ఎంతమందికి వచ్చు? ఇద్దరు. రుద్రమదేవి, మొల్ల. మగదుస్తుల్లో, మగపేరుతో ఏలిందని చెప్పుకునే రాణి ఒకరు. మట్టితో కుండలు చేసే కుమ్మరి కులం నుంచి వచ్చి రామాయణం రాసిన కవయిత్రి ఇంకొకరు. మట్టికి రూపమివ్వడం తెలిసిన కులపు ఆడబిడ్డ విగ్రహమై నిలబడింది. ఆ కులపు ఆడవాళ్లలో విగ్రహం చేసే అవకాశం ఎవరికి దొరికింది?

మహేశ్వరం పక్క మండలం శంషాబాద్. అక్కడి ముచ్చింతలలో 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని 2022 ఫిబ్రవరి 5న ప్రధాని ఆవిష్కరించారు. పంచలోహంతో చైనాలోని ఒక కంపెనీ చేసింది. భక్తి గురించి నాకు పేచీ లేదు. కానీ చూడండి, 250 కోట్ల ఏళ్ల రాతి నేల, రాయి కొట్టే కులాలు, మట్టి పిసికే కులాలు ఉన్న నేల. సమానత పేరు పెట్టుకున్న విగ్రహం ఆ చేతులు తాకకుండానే వచ్చి కూర్చుంది. శిల్పం పెద్దదయ్యేకొద్దీ చేసే చేతులు కనపడకుండా పోతాయి.

ఆ చేతులెవరివో చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు పోకూడదు. ఈ జిల్లాలో రాయిని కొట్టేది వడ్డెరలు. మగవాళ్లు సమ్మెట వేస్తే ఆడవాళ్లు రాళ్లు ఏరి, మోసి, సుత్తెతో చిన్నవి చేసి, చంటిబిడ్డను చీర ఉయ్యాలలో ఊపుతూ దుమ్ము మింగారు. రాయి ఎటు పగులుతుందో, ఏ గీత మీద కొడితే విడుతుందో వాళ్లకు తెలుసు. శిల్పశాస్త్రంలో మొదటి పాఠం అదే కదా! క్రషర్లొచ్చాక ఆ జ్ఞానానికి కూలి కూడా పోయింది. మన స్త్రీవాద వ్యాసాల్లో వంటింటి గురించి ఎంత రాశామో చూసుకుంటే, క్వారీలో ఆడమనిషి గురించి రాసింది చాలా తక్కువ.

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలో కూడలి అందాల పని జరుగుతుంటే పలక మీద నాలుగు వాక్యాలు రాసిపెట్టమని నన్ను పిలిచారు. బోనమెత్తిన స్త్రీ బొమ్మ గీత చూపించారు. నడుం సన్నగా, రొమ్ములు నిండుగా, కాళ్లు మడమల దాకా తెల్లగా. పొలం పని చేసే ఏ ఆడమనిషి కాళ్లూ అలా ఉండవన్నాను. టూరిస్టులు ఫొటోలు దిగాలి కదా మేడమ్ అన్నారు. పలక మీద అచ్చు పోసేవాళ్ల పేర్లు, రంగు వేసేవాళ్ల పేర్లు వేద్దామన్నాను. అది కాంట్రాక్టర్ చూసుకుంటాడన్నారు. ఊళ్లో బోనం కుండ చేసే కుమ్మరి ఆడవాళ్లను ఒక్కసారైనా అడిగారా అన్నాను. వాళ్లనెందుకు అన్నారు. నేను రాయలేదు. వాళ్లకు వేరే వాక్యాలు దొరికే ఉంటాయి. ఇలాంటి బొమ్మలకు కొదవ లేనట్టే వాక్యాలకూ కొదవ లేదు.

ఇక మీలో కొందరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు.

విగ్రహాలే వద్దంటావా? అనను. వాడల్లో చందాలు వేసుకుని నిలబెట్టుకున్న అంబేద్కర్ విగ్రహాన్ని చూసి నాకు ధైర్యం కలుగుతుంది. నీడ కూడా పడకూడదన్న వీధిలో వేలు చూపిస్తూ నిలబడటం ప్రతిఘటన. విసునూరు దేశముఖును ఎదిరించి తన పొలం గింజలు తన ఇంటికి చేర్చుకున్న చాకలి ఐలమ్మ విగ్రహమూ అంతే. ఆమెకు పేరుంది, ఊరుంది, చేసిన పని ఉంది. చరిత్ర నుంచి తుడిచేసినవాళ్లు రాతిలో నిలబడాలనుకోవడం న్యాయం. నేను వద్దనేది పేరు లేని, పని లేని, ఊరు లేని ఆ నవ్వే బొమ్మను.

చెరిగిపోయే కళను పొగడటం ప్రమాదం కాదా? ఇది గట్టి ప్రశ్న. ఆడదాని పని సాయంత్రానికి కనపడకుండా పోవాలనేదే పితృస్వామ్యం కోరుకునేది. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ల కింద పోతుంది, వండింది తినేస్తారు, ఉతికింది మాసిపోతుంది. అదే మన గొప్పదనమని పాడుకుంటే మోసపోతాం. కానీ చెరిపేయడం వేరు, సాగనంపడం వేరు. బతుకమ్మను నీళ్లలో వదిలేది చేసిన మనిషే, తన ఇష్టంతో, తన పాటతో. ఆ నిర్ణయం ఆమెది. చెరువును కబ్జా చేసి, తంగేడు పెరిగే బీడును వెంచర్ చేసి, పూలను మార్కెట్లో కిలోల లెక్కన కొనుక్కోమనడం చెరిపేయడం. మొదటిదాన్ని కాపాడటానికే రెండోదాన్ని ఎదిరించాలి.

బతుకమ్మ ఆటలో అందరికీ చోటుందా? లేదు. ఊరి బతుకమ్మ, వాడ బతుకమ్మ వేరుగా ఆడే ఊళ్లున్నాయి. దళిత స్త్రీలు ఈ ప్రశ్నను ఎప్పటినుంచో అడుగుతున్నారు. దానికి జవాబివ్వకుండా బతుకమ్మను మొత్తం స్త్రీజాతి ప్రతీకగా ఊరేగిస్తే, అది ఇంకో కిరీటం అవుతుంది. అందుకే నేను బతుకమ్మ బొమ్మ అడగడం లేదు. ఊరూ వాడా ఒకే కట్ట మీద పేర్చుకునే జాగా అడుగుతున్నాను. బొమ్మ పెడితే ఆ గీత దాగిపోతుంది. జాగా అడిగితే గీత బయటపడుతుంది.

ఆడశిల్పులు చేస్తే అంతా సరిపోతుందా? సరిపోదు. 2020లో లండన్‌లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ కోసం మ్యాగీ హాంబ్లింగ్ చేసిన శిల్పం చూడండి. స్త్రీవాద తాత్వికురాలి పేరు మీద వెండి రంగు నగ్న స్త్రీ. చేసింది స్త్రీయే, అడిగి చేయించింది కూడా మేరీకి స్మారకం కావాలని ఏళ్లపాటు చందాలు పోగుచేసినవాళ్లే. అక్కడి స్త్రీవాదులే రెండుగా చీలి వాదించారు. వాదించనివ్వండి. అది ఒక కళాకారిణి పని మీద జరిగిన వాదం. మనకు ఆ వాదం చేసుకునే భాగ్యం కూడా రాలేదు. మన దగ్గర పని కాంట్రాక్టర్‌ది, వాదం పార్టీలది. మీరా ముఖర్జీ బస్తర్ పోయి అక్కడి పోతపని చేసే కులాల దగ్గర కూర్చుని నేర్చుకుంది. మృణాళినీ ముఖర్జీ జనపనార ముళ్లతో మనిషెత్తు దేవతలను అల్లింది. ఊరి చేతిపనిలోంచి పెద్ద శిల్పం ఎలా పుడుతుందో చూపించిన ఆడవాళ్లు ఈ దేశంలో ఉన్నారు. ఆ దారి మన దగ్గర ఎందుకు తెరుచుకోదు? మన ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో శిల్పం చదివిన ఆడపిల్లలకు చదువయ్యాక ఊళ్లో ఒక్క కూడలైనా ఎందుకు దొరకదు?

2025 సెప్టెంబరులో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగులకు పైగా ఎత్తైన బతుకమ్మను నిలబెట్టి గిన్నిస్ రికార్డు అందుకున్నారు. దాని చుట్టూ ఆడిన ఆడవాళ్ల సంతోషాన్ని నేను తక్కువ చేయను. కానీ అది ఏ ఆడమనిషీ తల మీద ఎత్తుకోలేని బతుకమ్మ. ఏ ఆడమనిషీ చేతులతో నీళ్లలోకి వదలలేని బతుకమ్మ. తాంబాళం కొలతను దాటి, చేతి కొలతను దాటి, విగ్రహం కొలతలోకి వెళ్లిపోయింది. పండగ సర్కారుదయ్యాక కొలత కూడా సర్కారుదే అవుతుంది.

నేను అడిగేవి పెద్దవి కావు. కూడలిలో శిల్పం పెట్టాలంటే ఆ ఊరి ఆడవాళ్లు, వడ్డెర, కుమ్మరి, మాదిగ, మాల ఆడవాళ్లు నిర్ణయించే బల్ల దగ్గర ఉండాలి, ప్రారంభోత్సవంలో బోనాలెత్తడానికి కాదు. పలక మీద రిబ్బను కత్తిరించిన చేతుల కన్నా ముందు, పని చేసిన చేతుల పేర్లుండాలి. విగ్రహానికి పెట్టే డబ్బుతో ఒక గుట్టను గుట్టగా వదిలేస్తే దాన్నీ శిల్పం కింద లెక్క కట్టాలి. మహేశ్వరం, ఇబ్రహీంపట్నం మండలాల్లో ఇంకా నిలబడున్న గుండ్లకు ఊరి ఆడవాళ్ల చేత పేర్లు రాయించి జాబితా తయారు చేయించాలి. ప్రతి గుండుకూ ఊళ్లో ఒక పేరు, ఒక కథ ఉంటుంది. కథతో సహా రాసుకున్న రాయిని పేల్చడం కొంచెమైనా కష్టమవుతుంది. చెరువు కట్ట మీద బతుకమ్మ దించే జాగాను, తంగేడు, గునుగు మొలిచే బీడును కాలేజీ స్థలంలాగా, గుడి స్థలంలాగా కాపాడాలి.

ఇందులో మన పని ఒకటుంది. మనం రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం. తల్లి చీర రంగు మీద కవితలు చాలా వచ్చాయి. ఇప్పుడు రాతిని చదివే వడ్డెర ఆడమనిషి చేత, గునుగు కాడను కొలిచే ముసలమ్మ చేత మాట్లాడించి ఆ విద్యను వాళ్ల పేరుతో అచ్చు వేయాలి. శిల్పం అన్న మాటకు మన క్లాసుల్లో అర్థం మార్చి చెప్పాలి. వచ్చే బతుకమ్మకు ఫొటో దిగే ముందు, ఎవరు పేర్చారమ్మా అని అడిగి ఆ పేరు రాసుకోవాలి. శిల్పి అంటే ఎవరో మన పిల్లలు మనల్ని అడిగినప్పుడు చెప్పడానికి ఆ పేర్లు మన దగ్గర ఉండాలి.